నాలుగో అడుగు

రామన్నపేటల మగ్గం నేసే గండయ్య బిడ్డ ఆండాళు హైదరాబాదుల కంప్యూటర్ ఆటలకు బొమ్మలు గీసే నౌకరి చేసింది. చీరెల డిజైనుకు నాయిన గీసే గళ్ల కాయితం మీద నేర్సిన గీతే ఆమెకు అన్నం పెట్టింది. ఒక ఆటల నడిచే పిల్లబొమ్మకు అడుగుకో బొమ్మ సొప్పున నాలుగు అడుగులు గీయాల్సి ఉండె. మూడు గీసి, జరమొచ్చి సచ్చిపోయింది.

గండయ్య ఆ మూడింటినే చీరెల నేసేటందుకు తెల్లనూలుకు ముడులు కట్టి నల్లరంగుల ముంచిండు. ముడి కట్టిన కాడనే బొమ్మ తెల్లగ తేలుతది. తక్కినదంత నలుపే.

రాత్రి మగ్గం మీద మూడో అడుగు అయిపోయింది. మల్ల నూలుకండె ఉన్న నాడె విసిరితే నలుపుల ఒక తెల్లటి మడిమ తేలింది. అక్కడ ముడి కట్టనేలేదు.

"ఇగ సాలు, మగ్గం ఆపయ్యా," లోపల్నించి పెండ్లాం వెంకటనర్సమ్మ అన్నది.

గండయ్య చేతులు అప్పటికే ఒళ్లె ఉన్నయి. మగ్గం సప్పుడు ఆగలే.

"ఒక్క అడుగే ఉన్నది, నువ్వు పండు," అన్నడు.