రాహుకాలం దాటాక

జేసీబీకి పసుపు పూశారు. కుంకుమ బొట్లు పెట్టారు. దిష్టి తీయడానికి గుమ్మడికాయ కూడా సిద్ధంగా ఉంది.

ఇంజినీరు జనార్దనం మాత్రం ఊఁ అనడం లేదు.

ఎన్నూరు దగ్గర వాగు సముద్రంలో కలిసేచోట ఇసుకమేట అడ్డం పడింది. రాత్రంతా కురిసిన వాననీరు పోయే దారిలేక వెనక్కి తన్ని, ఒడ్డు గుడిసెల్లోకి ఎక్కుతోంది. మేటను వెంటనే కోయమని పొద్దున్నే పైనుంచి ఉత్తర్వు వచ్చింది.

"మొదలుపెట్టండి సార్. ఇప్పుడు సముద్రం వెనక్కి తీసి ఉండాది. మద్దేనం పోటెక్కితే కోసినా నీళ్ళు పోవు," అన్నాడు అరుముగం. చేపలు పట్టుకొని బతికేవాడు. మంచాన పడిన తల్లి పాప్పాత్తి ఆ గుడిసెల్లోనే ఉంది.

"వర్జ్యం ఇప్పుడే పోయింది. శుక్రవారం కదా, పన్నెండుదాకా రాహుకాలం."

"అమ్మ మంచం కోళ్ళు మునిగినాయి సార్."

"నీ మంచికే కదప్పా చెప్తా ఉండేది."

జనార్దనం గుండె రాయేమీ కాదు. పోయిన ఏడాది ఇలాంటి పనిలోనే జేసీబీ ఇసుకలో కూరుకుపోయి డ్రైవరు కాలు పోయింది. చెడు ఘడియలో మొదలుపెట్టినందుకే అలా అయిందని అతని నమ్మకం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. అప్పటినుంచి భాష్యం సిద్ధాంతి పంచాంగం జీపులోనే ఉంటోంది. ఆలస్యం ఎందుకని పొద్దున టీవీవాళ్ళు అడిగితే, దాన్నే కెమెరాకు చూపించాడు.

అయినా కాలు ఒక్కచోట నిలవడం లేదు. గడియారం చూస్తాడు. నీళ్ళు చూస్తాడు. మళ్ళీ గడియారం చూస్తాడు.

అప్పుడొచ్చి ఆగింది ఒక ఆటో. దిగిన ముసలాయన పంచె మోకాళ్ళదాకా తడిసింది. గొడుగున్నా జల్లు ముఖాన్ని వదల్లేదు. నుదుట బొట్టన్నది లేదు.

"ఇంజినీరు నువ్వేనా నాయనా? ఇంకా ఎందుకు ఆగి ఉండావు?"

"రాహుకాలం."

"అది ఇంట్లో పెళ్ళికి చూసుకో, గృహప్రవేశానికి చూసుకో. సర్కారు పనికెందుకు? ఆ గుడిసెల్లో గుడికి పోయేవాళ్ళుండారు, చర్చికి పోయేవాళ్ళుండారు. నీళ్ళు అందరిళ్ళలోకీ వస్తా ఉండాయి. నీ రాహువు ఎవరికి జవాబు చెప్తాడు?"

జనార్దనానికి ఒళ్ళు మండింది. అసలే మనసు కుదురుగా లేదు, పైగా ఉపన్యాసం. మద్రాసులో ఇలాంటివాళ్ళను చాలామందిని చూశాడు. ఈయనకు నల్లచొక్కా ఒక్కటే తక్కువ.

"పెద్దాయనా, దేవుడు లేడనేవాళ్ళతో నాకు వాదం వద్దు."

ముసలాయన నవ్వాడు. "లేడని నేనెప్పుడన్నాను? ఇదో చూడు నాయనా, ఆ పంచాంగం..."

"పంచాంగం జోలికి రావద్దు. సిద్ధాంతిగారి లెక్క తప్పదు. మీకేం తెలుసు దాని సంగతి? పొండి ఈడనుంచి."

ముసలాయన మళ్ళీ నోరు తెరిచాడు. అంతలో గుడిసెల వైపునుంచి అరుముగం కేక వినిపించింది.

"ఎవరైనా రాండయ్యా. అమ్మ మంచానికి ఒక చెయ్యి పట్టండి."

అక్కడ ఉన్నవాళ్ళంతా ఎవరి పిల్లలను వాళ్ళు ఎత్తుకొని వస్తున్నారు. ముసలాయన గొడుగును జీపుకు ఆనించి, పంచె ఎగగట్టి నీళ్ళలోకి దిగాడు.

జనార్దనం గడియారం చూసుకున్నాడు.

పన్నెండు దాటింది. గుమ్మడికాయ పగిలింది. జేసీబీ మేటను కోసింది. కానీ అప్పటికే పోటెక్కిన సముద్రం, వాగునీళ్ళను బయటికి రానివ్వకపోగా తన నీళ్ళనూ లోపలికి తోసింది.

కాసేపటికి అరుముగం వచ్చాడు. ఒళ్ళంతా బురద.

"అమ్మ బతికింది సార్. మంచం తలవైపు నేను, కాళ్ళవైపు ఆ పెద్దాయన. సందులోంచి వస్తా ఉంటే నీళ్ళు ఒక్కసారిగా పెరిగినాయి. నానిపోయిన గోడ ఆయన మీద పడింది. ఇటుకలు తీసేసరికి ప్రాణం లేదు."

గొడుగు ఆనించిన చోటనే ఉంది.

మూడు రోజులు జనార్దనానికి ముద్ద దిగలేదు. పేపరు తెరవలేదు, టీవీ పెట్టలేదు. ఆ చావు తన వల్లనే అని అతనికి తెలుసు. నాలుగోనాడు, పేరు అడిగే ధైర్యం లేక, అరుముగాన్ని ఇల్లెక్కడో మాత్రం అడిగి గొడుగు పట్టుకొని పెరంబూరు వెళ్ళాడు.

తలుపు తీసింది ముసలాయన భార్య అలమేలు. గొడుగును చూసి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. తానెవరో చెప్పకుండానే జనార్దనం దాన్ని ఆమె చేతికిచ్చాడు.

"మీరు ఆ పొద్దు ఆడ ఉండారా నాయనా?"

"ఉన్నానమ్మా."

"టీవీలో ఆ ఇంజినీరు మాట వింటానే, పూజలోంచి లేచేసినారు. వానలో వద్దంటే వినలా."

గొడుగు మడతలు సర్దుతూ ఆమె మెల్లగా అడిగింది.

"ఆ ఇంజినీరు వీరి మాట విన్నాడా నాయనా? 'ఆయన పట్టుకొని కూర్చున్న పంచాంగం రాసింది నేనే కదా అలమేలూ, నేను పోయి చెప్తే కాదనడు' అని పోయినారు."