కొలతల పుస్తకం

"నడుమెంత వచ్చింది?" ఊపిరి బిగబట్టి అడిగింది, కోటు కుట్టించుకోవడానికి వచ్చిన టీచరమ్మ.

"రావలసినంతే వచ్చింది. ముందా ఊపిరి వదులు. లేకపోతే కోటు వేసుకున్నన్నాళ్ళూ ఇలాగే నిలబడాల్సొస్తుంది," అంది అత్తగారు, టేపు మెడలో వేసుకుంటూ.

కొలత పైకి చదవలేదు. ఎప్పుడూ చదవదు. పరదా వెనక్కి వెళ్ళి, అట్ట చిరిగిన ఎర్ర పుస్తకాన్ని ముఖానికి దగ్గరగా తెరిచి పట్టుకుని, రెండు నిమిషాల తర్వాత మళ్ళీ దారం కట్టేసి ఇవతలికి వచ్చింది. ఒకరి నడుము సంగతి ఇంకొకరికి చెప్పడం దొంగతనంతో సమానమని ఆవిడ నలభై ఏళ్ళుగా పెట్టుకున్న నియమం. ఆ పుస్తకాన్ని ఇంట్లో ఇంకెవరూ ముట్టకూడదు, కన్నకొడుకైనా సరే.

పక్క గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న కోడలికి ఇది రోజూ వినపడే భాగోతమే. నిజానికి ఆమెకు ఆలోచన వచ్చింది ఆ పుస్తకాన్ని చూసే. దర్జీలు ఫోనులో కొలతలు రాసుకునేందుకు ఒక ప్రోగ్రామ్ తయారుచేసింది. అది ఎవరి పేరూ, నంబరూ అడగదు. రాసిన కొలత ఆ ఫోను గడప దాటదు. లోపల ఏముందో ఎవరైనా విప్పి చూసుకోవచ్చు, తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు, నలుగురికీ పంచుకోవచ్చు. మొదట అత్తగారికే చూపించింది.

"నా పుస్తకం నాకుంది. దానికి ఛార్జింగు అక్కర్లేదు. ఫోను టైము చూసుకోవడానికి చాలు," అని ఆవిడ కుండబద్దలు కొట్టేసింది.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు కదా! ఆ ఉక్రోషంతోనే కోడలు, రెండేళ్ళ కిందట జూన్ పదకొండున, ప్రోగ్రామ్‌ని ఇంటర్నెట్‌లో అందరికీ ఉచితంగా పెట్టేసింది. ఆ వారంలోనే ఫిర్యాదుల పేజీలో మొదటి ఉత్తరం పడింది.

"ప్రోగ్రామరు గారికి, మీ అక్షరాలు చీమల్లా ఉన్నాయి. మాకున్నవి రెండు కళ్ళే. ఇట్లు, చిల్లుగవ్వ."

అక్షరాలు పెద్దవి చేసింది. వెంటనే ఇంకొకటి. "చెరిపేసే బటను సరిగ్గా బొటనవేలి కిందే పెట్టారు. ఒక పెళ్ళికొడుకు పొట్ట గల్లంతైంది." అదీ సరిచేసింది. "ఒక భుజం పైకీ, ఒకటి కిందికీ ఉండేవాళ్ళు మీ లోకంలో లేరా?"

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. కోడలు పళ్ళు నూరుకుంటూనే అన్నీ చక్కబెట్టింది. చక్కబెట్టినప్పుడల్లా ప్రోగ్రామ్ మెరుగైంది, ఆ మాట ఒప్పుకుని తీరాలి. చిల్లుగవ్వ అంటే ఎక్కడో యూనిఫాంలు కుట్టే దుకాణంలో మీసాలు దువ్వుకునే పెద్దాయన అయ్యుంటాడని ఆమె ఊహ. ఎవరో తెలుసుకునే దారి లేదు. ఎవరి వివరాలూ అడగకుండా రాసింది తనే. ఎంత సణిగినా ఆయన 'గారు' అంటాడు. ఇంట్లో ఎవరన్నారు గనక!

ఇంతలో ఒక కంపెనీ నుంచి కబురు వచ్చింది.

"ప్రోగ్రామ్ కొనుక్కుంటారట. నాకు ఉద్యోగం కూడా ఇస్తారట," అని భోజనాల దగ్గర భర్తకు చెప్పింది.

"మరింకేం?"

"అందరి కొలతలూ వాళ్ళకి చేరాలట. ఎవరు లావయ్యారు, ఎవరు చిక్కారు అని చూసుకుని, వాళ్ళ సరుకు అమ్ముకుంటారు."

"నువ్వొక్కదానివే ఎన్నాళ్ళు మోస్తావు? నీ మొహం అద్దంలో చూసుకున్నావా ఈమధ్య?"

అబద్ధమేం కాదు. పగలంతా ఆస్పత్రి కౌంటర్లో నిలబడటం, ఇంటికి రాగానే దీనితో కుస్తీ. అత్తగారు గ్లాసులో నీళ్ళు తాగి, లేచి వెళ్ళిపోయింది. ఇంటికి పెద్దదిక్కు, ఏదో ఒకటి చెప్పొచ్చు కదా అని కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఫిర్యాదుల పేజీలో తనే రాసింది. "కంపెనీ అడుగుతోంది. నాకు ఓపిక అయిపోయింది. రేపు ఇచ్చేద్దామనుకుంటున్నాను."

గంటలో జవాబు వచ్చింది.

"ప్రోగ్రామరు గారికి, ఇది ఫిర్యాదు కాదు. ఎన్ని వంకలు పెట్టినా విసుక్కోకుండా దిద్దారు. మీ పని మీద నమ్మకం కుదిరింది, మీ మీద అంతకంటే ఎక్కువ కుదిరింది. జనం మన టేపు ముందు ఊపిరి వదిలి నిలబడతారు. దాన్ని అమ్ముకోవడానికి అది మీదీ కాదు, నాదీ కాదు. అలసిపోతే కొన్నాళ్ళు పడుకోండి. అక్షరాలు మళ్ళీ చీమలైపోయినా సర్దుకుంటాం. ఇట్లు, చిల్లుగవ్వ."

దాని కింద ఇంకో ఇద్దరు రాశారు, మరమ్మతుల్లో తామూ చెయ్యి వేస్తామని. కోడలు తనివితీరా ఏడ్చి, ముఖం కడుక్కుని, కంపెనీకి కుదరదని రాసి పంపింది.

"ఇవ్వనని చెప్పేశాను," అంది పొద్దున్నే, ఎవరినీ చూడకుండా.

భర్త నవ్వాడు. అత్తగారు పరదా వెనక నుంచి వచ్చి, ఎర్ర పుస్తకాన్ని తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"దారం పుచ్చిపోయింది, కొత్తది కట్టు. చివర రాసిన కాగితం ఊడొచ్చింది. అదీ అతికించు."

"నేనా? తెరవొచ్చా అత్తయ్యా?"

"తెరవకుండా ఎలా అతికిస్తావే? కొలతలు మాత్రం చూడకు. తేదీ చూసి దాని చోట పెట్టు." ఆవిడ వెళ్ళి కుట్టుమిషను ముందు కూర్చుంది.

కోడలు కొలతల మీద అరచెయ్యి కప్పి, తేదీ వరకే చూసింది.

రెండేళ్ళ కిందటి జూన్ పదకొండు అని ఉంది. పుస్తకంలో ఆ తర్వాతి పేజీలన్నీ తెల్లకాగితాలే.