బావ జేబులో వెలుగు

బావమరిది టార్చిలైటు కొట్టెయ్యడానికి పాలకాయతిప్ప బీచిని మించిన చోటు లేదని ప్రభాకర్‌కి తోచింది. టార్చి జేబులో పెట్టుకుని సముద్రంలో ఎవరూ దిగరు కదా.

ప్రభాకర్‌కి గుడివాడలో కళ్ళజోళ్ళ షాపు ఉంది. పరాయి వస్తువు మీద చెయ్యి వేసే రకం కాదు. కానీ టార్చిలైట్ల దగ్గరికొచ్చేసరికి వేరే మనిషైపోతాడు. "కరెంటు పోతే బావుణ్ణని కోరుకునే మనిషిని మిమ్మల్నే చూశాను" అంటుంది భార్య లక్ష్మీకాంతం.

అలాంటివాడికి ఆమె అన్నయ్య దుర్గాప్రసాద్ తన కొత్త టార్చి చూపించకుండా ఉండాల్సింది.

దుర్గాప్రసాద్‌కి నాగాయలంకలో రొయ్యల చెరువులున్నాయి. బందరులో లేత్ మిషను పెట్టుకుని కోరినట్టు టార్చీలు చేసిచ్చే రూతు అనే అమ్మాయి చేత ప్రత్యేకంగా చేయించుకున్నాడు. బొటనవేలంత ఉంది. ఒళ్ళంతా గట్టి రాగి. తడిచేతిలో జారకుండా సన్నటి గరుకు గాట్లు. వెనక స్విచ్చి నొక్కితే మెటికలు విరిచినంత మెత్తటి చప్పుడు. ఇక వెలుగు... మధ్యలో మచ్చ లేదు, చుట్టూ వలయం లేదు. దీపం వెలుగులా వెచ్చగా ఉంది, అయినా ఏ రంగు ఆ రంగులాగే కనిపిస్తోంది. పళ్ళెంలో ఆవకాయ ముక్క మీద వేసి చూసిన ప్రభాకర్‌కి నోరూరింది, ఆవకాయ మీద మాత్రం కాదు.

మర్నాడే బందరు పరిగెత్తాడు.

"అచ్చం అలాంటిది చెయ్యలేనండీ" అంది రూతు. "బాడీలైతే లేత్ మీద తిప్పి ఎన్నయినా చెయ్యగలను. ఆ ఎల్‌ఈడీ తయారుచెయ్యడం కంపెనీవాళ్ళు ఆపేశారు. నా దగ్గర మిగిలిన ఆఖరిది మీ బావగారికి పెట్టేశాను."

బావని అడిగి చూశాడు.

"నీ చెల్లెల్ని చేసుకున్నానుగా, ఆ మాత్రం ఇవ్వలేవా బావా?"

"చెల్లెల్ని ఇచ్చాను కాబట్టే బావా, ఇంకేమీ ఇవ్వదల్చుకోలేదు" అని నవ్వి జేబులో పెట్టేసుకున్నాడు దుర్గాప్రసాద్.

అప్పుడు పుట్టింది ఆలోచన. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ పనిచేసే నాగబాబుకి బావ టార్చి ఫోటోలు చూపించాడు. నాగబాబు ఇత్తడి గొట్టానికి రాగి పూత పూసి, గాట్లు కోసి, లోపల బజారులో దొరికే మామూలు బల్బు పెట్టి ఇచ్చాడు. పైకి చూస్తే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. వెలిగిస్తే మాత్రం నీలంగా, ఆస్పత్రి వరండాలో ట్యూబులైటులా ఉంది. దాన్ని ప్రభాకర్ బీరువా మీదున్న తన పెళ్ళి బూట్లలో దాచాడు. మధ్యలో లక్ష్మీకాంతం పుట్టింటికి వెళ్ళొచ్చింది. వస్తూనే, ఆదివారం అందరం బీచికి వెళ్దామని కబురు తెచ్చింది. దేవుడు తన పక్షానే ఉన్నాడనుకున్నాడు ప్రభాకర్.

ఆదివారం పొద్దున్న బూట్లో చెయ్యి పెట్టి, తీసింది తీసినట్టే ప్యాంటు జేబులో దోపుకున్నాడు.

బీచిలో పులిహోర తిన్నాక దుర్గాప్రసాద్ చొక్కా విప్పి చాప మీద పడేశాడు.

"నీళ్ళలోకి రావా బావా?"

"జలుబు చేసింది బావా. మీరు కానివ్వండి, బట్టలు నేను చూసుకుంటాను."

ఆ మాట అంటున్నప్పుడు ప్రభాకర్ మొహంలో ఉన్న భక్తి గుళ్ళో కూడా ఎప్పుడూ కనబడలేదు.

దుర్గాప్రసాద్ అలలకి ఎదురెళ్ళాడు. లక్ష్మీకాంతం వదినగారితో కలిసి మోకాలి లోతు నీళ్ళలో కేరింతలు కొడుతోంది. ప్రభాకర్ తుమ్మినట్టు వంగి, చొక్కా జేబులోంచి ఒకటి తీసి, ఇంకొకటి పెట్టాడు. రెప్పపాటు పని. గుండె మాత్రం గడ్డం దాకా వచ్చి కొట్టుకుంది.

గుడివాడ వచ్చేదాకా స్కూటరు నడిపాడో, తేలాడో అతనికే తెలీదు. ఘంటసాల ఊరు దాటాక పాట కూడా అందుకున్నాడు. వెనక కూర్చున్న లక్ష్మీకాంతం గొంతు కలిపింది. పెళ్ళయ్యాక ఇద్దరూ కలిసి పాడటం అదే మొదలు.

ఇల్లు చేరగానే సామాన్ల గదిలో దూరి తలుపు వేసుకున్నాడు. చీకట్లో నిలబడి, కళ్ళు మూసుకుని స్విచ్చి నొక్కాడు. కళ్ళు తెరిచాడు.

నీలంగా ఉంది.

అరచెయ్యి మీద వేసుకున్నాడు. చెయ్యి పాలిపోయి కనిపించింది. ఆర్పి మళ్ళీ వెలిగించాడు. నీలమే. తడబాటులో తనదే తీసి తనదే పెట్టుకున్నాడా? లేదే, ఒకటి బావ జేబులో పెట్టడం బాగా గుర్తుంది. అంతలో ఫోను మోగింది. దుర్గాప్రసాద్. అయిపోయింది, దొరికిపోయాననుకుంటూనే ఎత్తాడు.

"బావా, ఒక విచిత్రం" అన్నాడు దుర్గాప్రసాద్ హుషారుగా. "నా టార్చి ఈ మధ్య నీలంగా పాలిపోయి వెలిగేది. రేపు రూతు దగ్గరికి పట్టుకెళ్దామనుకున్నా. ఇప్పుడు చూద్దునా, మళ్ళీ మొదటిరోజు కళ వచ్చేసింది. సముద్రపు గాలి తగిలినందుకేనంటావా?"

ప్రభాకర్ టార్చి ఆర్పేశాడు. ఫోను పెట్టేశాడు.

తలుపు కొద్దిగా తెరుచుకుంది. లక్ష్మీకాంతం లోపలికొచ్చి, అతని చేతిలో టార్చి చూసి, సంబరం ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నచ్చిందా అండీ? మీరు ఆ నకిలీదాన్ని బూట్లో దాచుకుని మురిసిపోతుంటే కడుపు తరుక్కుపోయి, మొన్న పుట్టింటికెళ్ళినప్పుడు దాన్ని అన్నయ్య జేబులో వేసేసి, అసలుది తెచ్చి మీ బూట్లో పెట్టాను."