తోలు లేని సొర

దేముడమ్మ కోడలు నూకరత్నానికి కాన్పయింది గానీ పాలు సరిగ్గా పడలేదు. బాలింతకు సొరచేప పిట్టు పెడితే పాలు పడతాయని ఆ తీరంలో ప్రతి ఇంటివాళ్లూ నమ్ముతారు. కానీ సముద్రం వేడెక్కాక సొరలు చల్లటి నీళ్లు వెతుక్కుంటూ ఎటో పోయాయి. అందుకే దేముడమ్మ ఒడ్డున ఉన్న కంపెనీ దుకాణానికి వెళ్లి, ఫ్యాక్టరీలో కణాల నుంచి పెంచిన సొర మాంసం ముక్క తెచ్చింది.

గరుకు తోలు వలవడానికి అలవాటు కొద్దీ దాన్ని మరిగే నీళ్లలో ముంచింది. వలవడానికి తోలే లేదు. రాతి మీద రుద్దబోతే ముక్కంతా చేతిలోనే పిండిలా చితికిపోయింది.

ఆ ముద్దను తీసుకెళ్లి దుకాణం బల్ల మీద విసిరికొట్టింది.

"తోలు నేదు, నీసు వోసన నేదు. ఇదేటి సొరే? ఇది తింటే నా కోడలికి పాలెలాగ పడతాయే?"

బల్ల వెనకున్న అమ్మాయి నవ్వు చెరగనివ్వలేదు.

"కంగారెందుకు మామ్మా? పాలపొడి కూడా మా కంపెనీదే. అదిగో, ఆ పక్క అరలో ఉంది."

దేముడమ్మ గొంతు దుకాణమంతా మోగింది.

"ఫ్యాక్టరీలెట్టి సముద్రాన్ని ఉడకబెట్టేసినారు. సేపల్ని తరిమేసినారు. ఇప్పుడు బాలింత రొమ్ము కాడికొచ్చినారేటే? ఆ అరలో సముద్రం కూడా ఉందేటి? ఉంటే సూపించు, అదే కొనుక్కుపోతాను!"

అలా అరుస్తుండగానే ఆమెకు ఇంటి దగ్గర గుక్కపట్టి ఏడుస్తున్న మనవడు గుర్తొచ్చాడు. తిట్టడం ఆపకుండానే దేముడమ్మ పక్క అర వైపు నడిచింది.