పక్క కుట్టు

"ఒరేయ్ వంకరకుట్టూ! చూశావా, నాన్న కుట్టిన చొక్కా! పదేళ్ళైనా ఒంటికి అతికినట్టుంది. నువ్వు కుట్టినవి రెండు ఉతుకులు ఆగుతాయా?"

ఎదురింటి వరండాలోంచి అన్న అరిచాడు. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేసిన మనిషి. ఆ గొంతుకి వీధి ఒక లెక్కా? దుకాణంలో తమ్ముడు, ఆ వీధి టైలర్, మిషన్ మీంచి తల ఎత్తలేదు. దారం మాత్రం తెగింది.

అంతలో వదిన గుమ్మంలోకి వచ్చింది. అన్న గొంతు ఇంకాస్త పెరిగింది.

"నేనెప్పుడు పోతానా అని చూసేవాళ్ళకి చెబుతున్నా! నిన్ను సాగనంపాకే నేను పోయేది!"

అన్నదమ్ముల మధ్య మాటల్లేక తొమ్మిదేళ్ళు. అరుపుల్ని మాటలుగా లెక్కేస్తే అది వేరే సంగతి. నాన్న పోయాక ఆయన కుట్టుపెట్టెను అన్న పట్టుకుపోయాడు. పెద్ద కత్తెర, సూదులు, నీలం సుద్దముక్కలు, అన్నీ అందులోనే. బొత్తాం కుట్టుకోవడం కూడా చేతకానివాడికి అవన్నీ ఎందుకు? ఆ కత్తెరతో పూలమొక్కలు కత్తిరిస్తుంటే చూసి తమ్ముడికి కడుపు మండిపోయింది. ఇద్దరూ నడివీధిలో నోరు పారేసుకున్నారు. అంతే.

ఆ చొక్కా ఇంకా ఎందుకు సరిపోతోందో వదినకి తెలుసు, టైలర్‌కి తెలుసు.

కడుపులో పుండు అని అన్నకి చెప్పారు. పుండు కాదని, ఆరు నెలలు దాటడం కష్టమని డాక్టరు వదినకి విడిగా చెప్పాడు. ఆవిడ తిన్నగా మరిది దుకాణానికి వచ్చి కుర్చీలో కూలబడింది.

"తెలిస్తే మీ నాన్నలాగే చేస్తారయ్యా," అంది.

నాన్నకి జబ్బు పేరు చెప్పిన రోజే ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. తిండి మానేశాడు. తొమ్మిదో రోజుకి పోయాడు. ఆయన్ని చంపింది జబ్బు కాదు, ఆ మాట. కొడుకులిద్దరూ గొడవ పడకుండా ఒప్పుకునే విషయం అదొక్కటే.

డాక్టరు ఆ మాట చెప్పినప్పటినుంచీ, మధ్యాహ్నం మందు మత్తుకి అన్న కన్ను మూతపడగానే వదిన సంచిలో చొక్కా తెస్తుంది. టైలర్ తిట్టుకుంటూనే పక్క కుట్టు విప్పి, లోపలికి జరిపి కుడతాడు. వారానికి అరంగుళం. ముఖం ఇలా పీక్కుపోయిందేమిటే అని అన్న అడిగితే, పళ్ళు పీకించుకున్నారు కదా అంటుంది వదిన. ఇంట్లో బరువు చూసుకునే మిషన్ పాడైంది. పాడుచేసింది ఆవిడే.

మిగిలిన గుడ్డను టైలర్ కత్తిరించడు. లోపలికి మడిచి ఉంచుతాడు. ఎందుకని వదిన అడిగితే, కత్తెరకి పదును లేదన్నాడు.

ఆ రోజు అన్న చొక్కా ఎగతాళితో ఆగలేదు. కోటు కొలతలు ఇవ్వడానికి వచ్చిన పెద్దమనిషిని వరండాలోంచే పలకరించాడు.

"వాడి దగ్గరా అండీ కుట్టించుకోవడం? మా నాన్న పోయింది జబ్బుతో కాదు. వీడి కుట్లు చూడలేక!"

పెద్దమనిషి పకపకా నవ్వాడు. టైలర్ ఒకే భుజాన్ని రెండుసార్లు కొలిచాడు.

మధ్యాహ్నం వదిన వచ్చేసరికి అతను కాచుకుని ఉన్నాడు.

"నా వల్ల కాదు వదినా. ఇంక చెయ్యను."

"ఈ ఒక్కసారికి..."

"మూడు నెలల్నించీ ఒక్కసారే! నన్ను తిట్టడానికి ఓపికుందిగా, నిజం వినడానికి ఉండదా? అందరం పోయేవాళ్ళమే. ఈయనగారికి ఒక్కడికే చావుని చొక్కాలో పెట్టి దాచాలా?"

"వింటే బతకరు."

"బతక్కపోతే పీడా పోతుంది!"

వదిన చొక్కా బల్ల మీద పెట్టి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

టైలర్ బ్లేడు తీశాడు. కుట్టు విప్పేసి చొక్కాని మొదటి కొలతకి తెచ్చేస్తాడు. రేపు పొద్దున్న ఆ మహానుభావుడు తొడుక్కుని, ఇంకో మనిషి పట్టేంత చోటు చూసుకుని, అప్పుడు అరవాలి. ఎంత గొంతు లేస్తుందో విని తీరాలి.

విసురుగా చొక్కాని లోపలివైపుకి తిరగేశాడు.

కిందటి కుట్టుకి ముప్పావు అంగుళం లోపలగా నాన్న పెట్టెలోని నీలం సుద్దతో గీత గీసి ఉంది, దాని పక్కన అన్న చేతిరాత: "వంకరకుట్టూ, ఈసారి ఇక్కడిదాకా లాగు, నాకు తెలుసని మాత్రం మీ వదినకి తెలియనివ్వకు."