ఒకే గుర్రం

"పేపర్ టవల్స్ అని లిస్ట్‌లో అన్నిటికన్నా పైన రాశాను."

"లిస్ట్ కార్లో ఉండిపోయింది ఉమా."

"మీరూ కార్లోనే ఉండిపోవాల్సింది. ఇప్పుడీ జంతికలు దేనిమీద తీయను? నా కొంగు మీదా?"

మర్నాడు నేపర్‌విల్ తెలుగువాళ్ల దీపావళి పాట్‌లక్, ఇంటికో వంటకం. నూట యాభై జంతికలు చేస్తానని ఉమామహేశ్వరి ఒప్పుకుంది.

రామమోహన్ లోపలికి వెళ్లి కూతురి బల్ల మీది కాగితాల దొంతర తెచ్చాడు.

"ఇవి పరిచెయ్. వెనకవైపు తెల్లగానే ఉన్నాయి."

"నీహారికవి కదండీ?"

"పక్కింటి ముసలాయన ఇచ్చినవే. అన్నిటి మీదా అదే గుర్రం. ఒకటి ఉంచు, చాలు."

ఉమ చూసింది. మందపాటి కాగితాలు. ప్రతిదానికీ అడుగున మూడు చిల్లులు, మూలన ఒక అంకె, మధ్యలో పెన్సిల్‌తో గీసిన గుర్రం. వందకు పైనే ఉన్నాయి.

ఆమె చూడకుండా ఏదీ పారేసే మనిషి కాదు. అన్నీ తిరగేసి, గీత చెదరనిది ఒకటి ఏరి ఫ్రిజ్‌కి అంటించింది. మిగతావి పరిచింది.

నూనె బాగానే పీల్చాయి.

పక్కింటి కుసానో జపాన్ నుంచి కూతురి దగ్గరకు వచ్చి రెండేళ్లయింది. శనివారం పొద్దున్నే బూట్లు గుమ్మం బయట విడిచి, తొమ్మిదేళ్ల నీహారిక పక్కన సోఫా చివర కూర్చునేవాడు. చంకలో ఎప్పుడూ ఆ కాగితాలుండేవి. ఇద్దరూ లైబ్రరీ నుంచి తెచ్చిన డీవీడీలో జపాన్ కార్టూన్ సీరియల్ ఒకటి చూసేవారు. కథ మాత్రం ఎప్పటిదో యూరప్‌ది. రాతిలో దిగిన కత్తి, రాజ్యం పోగొట్టుకున్న రాజకుమారుడు, గుండ్రటి బల్ల. రాజులకు అంతంత కళ్లేమిటని ఉమకు విసుగు. కానీ మొదటి పాటలో తెల్లగుర్రం వంతెన దాటేటప్పుడు మాత్రం గరిటెతో సహా వచ్చి నిలబడేది.

"గుర్రమంటే అదీ! ఈయనా వేశాడు, వందసార్లు అదే. ఒక్కటీ కదలదు" అంది ఒకసారి.

అమ్మ ఏమందని కుసానో అడిగాడు.

"టీవీలో గుర్రం మీ గుర్రం కన్నా బాగుందట" అని నీహారిక ఇంగ్లీషులో చెప్పేసింది.

ఉమ నాలుక కరుచుకుంది. ఆయన మాత్రం కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. లేచి నిలబడి, ఆమెకు నడుము వంచి నమస్కరించాడు.

పోయిన నెల హాస్పిటల్‌కి వెళ్తూ ఆ దొంతర నీహారికకని రెండు చేతులతో ఇచ్చాడు. ఉమ ఒక చేత్తో అందుకుంది. రెండో చేతిలో ఫోన్ ఉంది.

నీహారిక స్కూల్ నుంచి వచ్చేసరికి చెత్తబండి వచ్చి వెళ్లిపోయింది.

"నా పేపర్స్ ఏవి అమ్మా?"

"బాగున్నది ఫ్రిజ్ మీద పెట్టాను కదే."

"అన్నీ కావాలి. ఆల్ ఆఫ్ దెమ్."

"అన్నీ ఒకలాంటివేగా బంగారం!"

పిల్ల ఏడవలేదు. అదే ఉమకు నచ్చలేదు.

ఆరింటికి కుసానో కూతురు తలుపు తట్టింది. తండ్రి ఆ పొద్దున పోయాడట.

"శుక్రవారం ఫ్యూనరల్. మీ పాపకిచ్చిన కాగితాలు ఒక్కపూట ఇస్తారా? అన్నీ, వరస చెడకుండా."

"అలాగే" అంది ఉమ.

భోజనాల దగ్గర తన నిర్ణయం చెప్పింది.

"ఫ్రిజ్ మీదున్నది ఫ్రేమ్ కట్టించి ఇచ్చేద్దాం. మిగతావి బేస్‌మెంట్‌లో నీళ్లొచ్చి తడిసిపోయాయని చెప్తాను. ఉన్నది ఒకే గుర్రం కదా, ఎవరికీ లోటు తెలియదు."

"నయం, ఒకటైనా ఉంచావు" అన్నాడు రామమోహన్, జంతిక విరుస్తూ.

నీహారిక కంచం ముందు నుంచి లేచింది. డీవీడీ పెట్టింది. పాట మొదలైంది. గుర్రం వంతెన ఎక్కింది. రిమోట్ నొక్కి ఆపింది. కొంచెం వెనక్కి జరిపి మళ్లీ ఆపింది.

ఫ్రిజ్ మీది కాగితం తెచ్చి టీవీ పక్కన పట్టుకుంది.

ఎత్తిన ఎడమ కాలు అదే. వెనక్కి ఎగిరిన జూలు అదే.

"మిగతా స్టెప్స్ ఏవి అమ్మా?" అంది.

ఉమ ఇన్నాళ్లూ గరిటె పట్టుకుని నిలబడి చూసిన గుర్రాన్ని, అడుగుకో కాగితం చొప్పున గీసి వంతెన దాటించినవాడు కుసానో.