రెండో ఆకు

పని లేని జీవికి ఎవరు పని ఇచ్చినా ఆరు నెలలపాటు సగం కూలి గింజలు సర్కారు గాదె నుంచే వస్తాయని సింహం చాటింపు వేయించింది. అంతే, పందికొక్కు దొరకి ఎక్కడలేని జాలి పుట్టుకొచ్చింది. పనిలోకి రమ్మని అడవంతా కబురు పెట్టాడు.

రెండు వానాకాలాలుగా పనికోసం తిరుగుతున్న ఉడుత చారక్క కూడా వరసలో నిలబడింది.

"కాయలు కొట్టే పని. పళ్ళు గట్టివేనా?" అన్నాడు దొర.

"చూడండి," అని నోరు తెరిచింది చారక్క.

దొర రెండు తామరాకులు ముందుకు తోశాడు. మొదటిది పనిలో చేరినట్టు. రెండోది, ఆరు నెలలు నిండగానే తనంతట తానే మానేసినట్టు.

"చేరకముందే మానేయడమేంటి దొరా?"

"సాయం ఆగిపోయాక నిన్నెవడు మేపుతాడు? నేనే తీసేశానంటే సర్కారు ఇచ్చిన గింజలన్నీ నేనే తిరిగి కట్టాలి. నీ ముందువాళ్ళంతా నోరెత్తకుండా పాదముద్ర వేశారు. వేస్తే వెయ్యి, లేకపోతే దారి వదులు."

వెనక నుంచి కుందేలు గొణిగింది. "వేసెయ్యక్కా, ఆరు నెలల తిండైనా దొరుకుతుంది."

చారక్కకి ఆకలిగానే ఉంది. తొర్రలో పిల్లలకీ ఆకలే. మొదటి ఆకు మీద పాదం గట్టిగా అద్దింది. రెండో ఆకు అందుకుని, దొర కళ్ళెదుటే పరపరా కొరికి తునకలు చేసింది.

"మీరే అడిగారుగా దొరా, పళ్ళు గట్టివేనా అని," అంటూ కాయల కుప్ప దగ్గరికి నడిచింది. "మానేసే రోజే వస్తే, ఆ ఆకు నేనే రాసుకుంటా."

దొర తేరుకునేలోపే కుందేలు ముందుకొచ్చింది.

"నా రెండో ఆకేది దొరా? నాకూ పళ్ళున్నాయి."